బెన్హర్ బొటనవేలు

నూనె రాయకుండా తీసుకురమ్మన్నారు కదా, అందుకే ఈ చెయ్యి ఇంత పొడిగా, ఎవరి చెయ్యో అన్నట్టుంది, లేకపోతే రోజూ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె తనే రాసేది, ఎంత రాసినా మొగుడి బొటనవేలి మొదట్లో కండ గుంటపడుతూనే వచ్చింది, అని జ్ఞానసుందరి అనుకుంటూ ఉండగానే మెషిను దగ్గరి అమ్మాయి బెన్హర్ చేతిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి తుడిచి, వేలికి తీగల ఉంగరాలు తొడిగి, చిన్న షాకులా తగులుతుంది, భయపడకండి అంది, భయమేటి తల్లీ, కరెంటు కోసమే కదా నెల్లిమర్ల నుంచి విజయనగరం ఆసుపత్రికి వచ్చింది, పక్కింటి ఈశ్వరికి మోకాళ్ళకి కరెంటు పెడితే కాదూ మేడెక్కి వడియాలు పెట్టుకుంది, మోకాలికి పట్టిన కరెంటు వేలికి పట్టదా, ఈ ముక్క వీధి వీధంతా చెప్పే వచ్చింది తను, ఇంతలో టక్కుమంది, బొటనవేలు ఎగిరింది, చొక్కా గుండీ పెట్టుకోలేని వేలు, అన్నం ముద్ద సగంలో జారవిడిచే వేలు, ఒకప్పుడు జూట్ మిల్లులో తెగిన పోగుని రెప్పపాటులో ముడేసిన వేలు, సూడు మావా, కదలతన్నాది, సూడు అంది, ఏటే సుందరీ నీ సంబరం అని ఆయన నవ్వాడు, మళ్ళీ టక్కుమంది, ఈసారి మోచేతి దగ్గర, భుజం ముడుచుకుపోయింది, పెదవి కొరుక్కున్నాడు, అయినా నవ్వాడు, యేసయ్యా నీకు స్తోత్రం, ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి, నా మొగుడి చెయ్యి పడిపోతే దేవుడు లేపాడని, ఎక్కడ మొదలెట్టాలో కూడా అప్పుడే అనేసుకుంది.

డాక్టరుగారు వచ్చి సన్నటి సూది తీశారు, ఇందులో మందు లేదు, కరెంటూ లేదు, కండ చప్పుడు వినడానికే అన్నారు, మందు లేని సూది ఏం సూది, వేలి మొదట్లో గుచ్చి వదులుగా ఉంచమన్నారు, వదులుగానే ఉంచాడు, అయినా మెషిన్లోంచి చిటపట చిటపట, రేకుల మీద చినుకులు పడ్డట్టు, ఊరుకున్న చేతిలో ఈ చప్పుడేమిటి, ఇప్పుడు బలంకొద్దీ వేలు పైకెత్తండి, ఆయన మెడ నరాలు ఉబ్బాయి, దవడ బిగుసుకుంది, వేలు లేవలేదు, మెషిన్లో ఎక్కడో ఒక్కో టప్పు, అంతే, ఎత్తు మావా, ఇందాక ఎత్తినావు గదా, ఎత్తింది నాను కాదే, కరెంటు, అన్నాడు ఆయన మెల్లగా, సూది ముంజేతికి వెళ్ళింది, తొడకి వెళ్ళింది, గుచ్చినచోటల్లా దూది అద్దారు, బాబూ ఇంకెన్ని మాట్లు పెడితే బాగవుతాది అని తను అడిగేసింది, డాక్టరుగారు ఆయన వైపు చూశారు, మీ ఆవిడకి చెప్పలేదా, ఇది పరీక్షేనమ్మా, వైద్యం కాదు, నరాలు ఎంత ఎండిపోయాయో చూసి జబ్బు ఖాయం చేసుకోడానికే, ఇది తిరిగొచ్చే బలం కాదని మొన్నే ఈయనకి చెప్పాను, మొన్నంటే తను మందుల దుకాణం ముందు వరసలో నిలబడ్డ రోజు, ఆ రోజు ఆయన బస్సులో తన భుజం మీద తల ఆన్చి కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోయాడనుకుంది తను.

వరండాలో ఆయన చొక్కాకి గుండీలు పెడుతుంటే తన కళ్ళ నిండా నీళ్ళు, గుండీ ఏదో కాజా ఏదో కనబడ్డం లేదు, తెలిసీ ఎందుకొచ్చినావు మావా, ఆ సూదులన్నీ ఎందుకు పొడిపించుకున్నావు, ఈ జబ్బు పేరు వాళ్ళకి కావాలి గానీ నాకెందుకే, కరెంటెడితే లేస్తాదని ఈదంతా సెప్పుకున్నావు, నీ మొకం సూసి నేదని సెప్పలేకపోనాను, అన్నాడు, అంటే పెదవి కొరుక్కుంటూ నవ్విన ఆ నవ్వు, సంబరమని ఎగతాళి చేసిన ఆ మాట, వేలు ఎగిరిన ప్రతిసారీ ఆయన చూసింది వేలి వైపు కాదు, తన మొహం వైపు, లేవదని తెలిసిన చేతిని తనకోసం ఆ తీగలకి అప్పజెప్పి కూర్చున్నాడు, ఆదివారం నిలబడితే చెప్పడానికి తన దగ్గర ఉన్న సాక్ష్యం ఇదొక్కటే.