మూత మీది గొట్టం

"లామిలే, టీ సంగతి కాస్త చూడవా? విచారణ కమిటీ వాళ్లు వచ్చేస్తున్నారు" అన్నారు మా శాఖాధిపతి ఆంపోన్సా సార్. గదిలో ఉన్న నలుగురు లెక్చరర్లలో ఉష్ణశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నది నాకొక్కదానికే. అయినా లేచాను. కెటిల్‌లో నీళ్లు మరగడం మొదలైంది. ఎసినామ్ పోయి ఏడు వారాలైంది. ఇప్పటికీ ఆవిరి చప్పుడు వింటే ఆ పిల్ల నా వెనకే నిలబడి, "మేడమ్, ఇంకోసారి చూస్తారా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఎసినామ్ ఆఖరి సంవత్సరం చదివే నా విద్యార్థిని. కెంకే వండి అమ్మే ఆడవాళ్లకు కట్టెలు కలిసిరావాలని ఒక ఆవిరి బాయిలర్‌ను ప్రాజెక్టుగా గీసింది. ఒత్తిడి పెరిగితే ఆవిరి బయటికి పోయేందుకు మూత మీద చిన్న గొట్టం పెట్టింది. నేను కెంకే వండే ఇంట్లోనే పుట్టాను. కెంకే అంటే ఆకుల్లో చుట్టిన పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలే; వాటిని కుండనిండా పేర్చి, మూత చుట్టూ తడి గోనెపట్టా కుక్కి, పైన రాయి పెడతాం. ఆవిరి పోతే కట్టెలు దండగ అని మా అమ్మ చేతిలో నేను తిన్న దెబ్బలకు లెక్కలేదు. బాయిలర్‌ను పరీక్షించిన రోజున, దాని మీద కెంకే వండడానికి వచ్చిన ఆంటీ కోర్‌కోర్ కూడా అదే చేసింది. గొట్టంలోంచి బుస్సుమంటున్న ఆవిరిని చూసి, "అయ్యో, అంతా పోతోందే!" అంటూ గోనె కుక్కేసింది. బాయిలర్ పేలే ముందు ఎసినామ్ ఆవిణ్ణి పక్కకు తోసేసింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయింది.

ఆ నమూనా మీద సంతకం నాది. సంతకం పెట్టిన శనివారం మా ఆడపడుచు బిడ్డకు పేరు పెట్టే వేడుక, ముప్పైమందికి వంట. ఎసినామ్ కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మాయ్, పాఠాలు కాలేజీలో చెప్పుకో, ఇక్కడ చేపలు మాడుతున్నాయి" అంది మా అత్త. మా ఆయన టెట్టే చుట్టాలతో, "మా ఇంట్లో ప్రొఫెసరమ్మ ఉంది గానీ ప్లేట్లు పెట్టే మనిషే లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. నూనె చేయి గుడ్డకు తుడుచుకుని సంతకం పెట్టేశాను.

కమిటీ వాళ్లకు టీ ఇచ్చాక సార్ ప్రమాదం మీద రాసిన నివేదికను నా ముందుకు జరిపారు. 'విద్యార్థిని అజాగ్రత్త వల్ల' అని ఉంది. అలా ఖాయమైతే పోయిన పిల్లకు పట్టా ఇవ్వరు. ఆ పట్టా కోసం వాళ్లమ్మ ప్రతి సోమవారం మా ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంటోంది. "పోయిన పిల్ల ఎలాగూ పోయింది, ఉన్న ఉద్యోగం పోగొట్టుకోకు" అన్నాడు నిన్న టెట్టే. నాకు కోపం రాలేదు. ఏడు వారాలుగా నేనూ అదే అనుకుంటున్నానని తెలిసి భయమేసింది.

'విద్యార్థిని' అన్న మాట కొట్టేసి నా పేరు రాశాను.

సార్ గొంతు తగ్గించారు. "పిచ్చిపని చెయ్యకు. ఇంట్లో ఫంక్షన్ హడావిడిలో నమూనా సరిగా చూడలేదని రాయి. ఆడమనిషివి, అర్థం చేసుకుంటారు."

"చూశాను సార్" అన్నాను. "గొట్టం చూశాను. మావాళ్లు దాన్ని మూసేస్తారనీ తెలుసు. చెబితే ఆ పిల్లతో ఇంకో గంట కూర్చోవాలి. ప్లేట్లు పెట్టాలి కదా అని ఊరుకున్నాను."