గడియ లేని తలుపు

బాత్రూం తలుపుకి గడియ పీకించింది అక్కే. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ, ముక్కూ వాళ్లదే, వేలూ వాళ్లదే.

తమ్ముణ్ణి గడ్డం నెరుస్తున్నా బుడ్డోడనే అంటారు. వాడికి మత్తుసూది అలవాటు. మానమని అక్క ఏడ్చింది, తిట్టింది, కాళ్లు పట్టుకుంది. చివరికి క్లినిక్కులో నర్సమ్మ, "మానాలో వద్దో అతనే తేల్చుకోవాలమ్మా. అందాకా బతికుండాలిగా. ఒంటరిగా వదలకండి," అని, మత్తు ఎక్కువై ఊపిరి ఆగితే ముక్కులో కొట్టే స్ప్రే చేతిలో పెట్టింది.

ఉపాయం బుడ్డోడే చెప్పాడు. "లోపలున్నంతసేపూ గోడ మీద కొడుతుంటానక్కా. చప్పుడు ఆగితే వచ్చెయ్."

గోడకి ఇవతల అక్క మిషను మీద జాకెట్లు కుట్టేది. టక్ టక్ వినబడితే కుట్టు, ఆగితే పరుగు. ఒకసారి అలాగే పరుగెత్తి బతికించుకుంది. వాడు కళ్లు తెరిచి, "కంగారులో జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టుంటావు, చూసుకో," అన్నాడు. వెధవ, నిజమే చెప్పాడు.

అమ్మకి ఇదంతా పుండు మీద కారం. "దగ్గరుండి నువ్వే చంపుతున్నావే!" అనేది. అక్క ఇంట్లో లేని పూట చూసి, తాళాలేసి మాన్పించే కేంద్రం వాళ్లకి వాణ్ణి అప్పగించేసింది. గుమ్మం పట్టుకుని వద్దమ్మా, వద్దమ్మా అన్నాడట.

కొన్ని నెలలకి బుగ్గలు నిండి తిరిగొచ్చాడు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వడ్రంగిని పిలిచి కొత్త గడియ వేయించింది. "నా కొడుకు మనిషయ్యాడు. ఇక వాడి తలుపు వాడిష్టం!"

కొన్నాళ్లు ఆపాక పాత మోతాదే ప్రాణం తీస్తుందని నర్సమ్మ చెప్పి ఉంది. అక్క వాణ్ణి పక్కకి పిలిచి, "మళ్లీ అనిపిస్తే గోడ కొట్టరా," అంది.

వాడు అమ్మ వైపు చూశాడు. "అమ్మ వింటే తట్టుకోలేదక్కా. ఇక దాంతో పనిలేదులే."

అక్క నమ్మింది. నమ్మాలని ఎంత ఆశ పడిందో పాపం!

ఆ మధ్యాహ్నం వాడు బాత్రూంలోకి వెళ్లాడు. గోడ పలకలేదు. పలకకపోతే ఇప్పుడు బాగున్నట్టే కదా! అక్క ఒక జాకెట్టు ముగించి ఇంకోటి మొదలెట్టింది. కుళాయి నీళ్లు గుమ్మం దాటి వచ్చాక గానీ లేవలేదు.

స్ప్రే చేతపట్టుకుని తలుపు బాదింది, తన్నింది, భుజంతో గుద్దింది. గడియ కదల్లేదు. అమ్మ నీళ్లలోనే కూలబడి, "గట్టిది చూసి వెయ్యమన్నానే, నేనే వెయ్యమన్నానే," అంటూనే ఉంది.

ఆ వడ్రంగే వచ్చి ఊడదీసేసరికి బుడ్డోడు చల్లబడిపోయాడు.