చెకింగు కుర్చీ

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ సామెత కట్టినవాడు ఎదురుపడితే సూర్యకాంతం నాలుగు దులిపేసేదే.

అమలాపురంలో శివాజీ గారి మేడ మీద రొయ్యల చెరువుల నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు టైమర్ బోర్డులు తయారుచేస్తారు. తొమ్మిదేళ్ళ కిందట బండారులంకలో మగ్గం ఆపేసి వచ్చి, అక్కడ మొట్టమొదట టంకం అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మనిషి సూర్యకాంతం. వేళ్ళు కాల్చుకుని నేర్చుకుంది. కిటికీ పక్కన భూతద్దం దీపం బిగించిన కుర్చీ ఒకటుంది. అందరూ అతికిన బోర్డులను అక్కడ పరీక్షించి పాసు ముద్ర వేస్తారు. ఆ కుర్చీలో కూర్చునే నరసింహమూర్తి గారు నెలాఖరుకు మానేస్తున్నారు. ఇక ఆ కుర్చీ తనదేనని సూర్యకాంతం వీధివీధంతా చెప్పుకుంది.

సరిగ్గా ఆరు నెలల ముందు అంతర్వేది నుంచి లక్ష్మీదుర్గ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఐటీఐ చదివింది. ఆ పిల్ల అతికితే టంకం పార్టు కాలు చుట్టూ నున్నగా పారి, కొత్త మెట్టెలా మెరిసేది. కొనేవాళ్ళు ఎవరొచ్చినా శివాజీ గారు ఆ పిల్ల చేసిన బోర్డే చేతికిచ్చి చూపించేవారు. ఒకరోజు ఆయన నవ్వుతూ, "మన దుర్గ చేతికి వంక పెట్టడానికి ఆ భూతద్దం కూడా చాలదండీ" అన్నారు. ఆ పూట సూర్యకాంతానికి అన్నం సయించలేదు.

వాయుగుండం అని మూడు రోజులు పని ఆపేశారు. తాళం వేసేది సూర్యకాంతమే. అందరూ దిగిపోయాక లక్ష్మీదుర్గ అరలో ఉన్న వెండిరంగు సంచీ కనిపించింది. అందులో రెండు వందల ఖాళీ బోర్డులు, చవకరకం, రాగి చుక్కల మీద పూత లేనివి. గాలి తగలకుండా వాటిని సంచీలోనే ఉంచి, తేమ పీల్చే పొట్లం కూడా లోపల వేసి, మూతి బిగించి ఇంటికెళ్ళాలి. అది ఆ పని మీద మొదటి పాఠం. ఆ పిల్లకు ఆ పాఠం చెప్పింది తనే.

సూర్యకాంతం మూతి విప్పింది. పాత రబ్బరు బ్యాండు చేతిలోనే తెగింది. పొట్లం తీసి పారేసింది, కిటికీ రెక్క ఓరగా తెరిచింది. మూడు రోజులూ ఉప్పుగాలి, వాన జల్లు ఆ సంచీలోకి కొట్టాయి. నాలుగో రోజు అందరికంటే ముందొచ్చి కిటికీ మూసి, తన చేతిసంచీలో దొరికిన నూలుపోగుతో మూతి కట్టేసింది.

పది గంటలకల్లా గొడవ మొదలైంది. లక్ష్మీదుర్గ ఐరన్ పెడితే టంకం తామరాకు మీద నీళ్ళలా ఉండ కట్టి దొర్లిపోతోంది. రాగి చుక్కలన్నీ నల్లబడి చిలుము పట్టాయి. కాలు పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తోంది. శివాజీ గారి మొహం మాడిపోయింది.

"రాగి బిందెలు కావమ్మా చింతపండేసి తోముకోడానికి! ఇలాంటివి చెరువు గట్టుకెళ్తే మధ్యలో ఏరియేటర్లు ఆగిపోతాయి, రొయ్యలన్నీ తేలిపోతాయి. ఈ సంచీ మూతి ఎవరు కట్టేరు?"

సూర్యకాంతం చూపు తనకు తెలియకుండానే కిటికీ మీదికి పోయింది. లక్ష్మీదుర్గ చేతిలో, మూతి నుంచి ముడితో సహా జార్చి తీసిన నూలుపోగు ఉంది. దాన్ని ఓసారి పరకాయించి చూసి, గుప్పిట మూసింది.

"నేనేనండి. సరిగ్గా బిగించలేదనుకుంటానండి. తప్పైపోయిందండి."

బోర్డులను దక్కించే ఉపాయం సూర్యకాంతానికే తెలుసు. పెన్సిలు రబ్బరుతో ఒక్కో రాగి చుక్కనూ రుద్ది, తుడిచి, టంకం పట్టేలా ఫ్లక్సు పూసి, వెంటనే అతకాలి. రెండు రోజులు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రుద్దారు. అది చూసి శివాజీ గారు, "అనుభవం అంటే ఇదండీ. ఒకటో తారీకు నుంచి ఆ కుర్చీ మీదేనండి సూర్యకాంతం గారూ" అన్నారు.

"ఆయ్" అంది సూర్యకాంతం. తొమ్మిదేళ్ళుగా వినాలనుకున్న మాట అది.

ఒకటో తారీకున దీపం వెలిగించుకుని కూర్చుంది. లక్ష్మీదుర్గ తను చేసిన బోర్డుల ట్రే తెచ్చి పెట్టింది. దాని పక్కన, ముడి విప్పకుండా దాచిన నూలుపోగు పెట్టింది.

"ఇది మీదండి పిన్నిగారూ."

సూర్యకాంతం పోగును ట్రే కిందికి తోసెయ్యబోయింది.

"నేనేసింది రబ్బరు బ్యాండండి. మా నాన్న వలలు కడతాడు, ముడి చూస్తే ఎవరి చెయ్యో చెప్పేస్తాడు. తెగిన పోగు అతికినట్టు ఇంత చిన్న ముడేసి, కొసలు కొరికేసేది ఇక్కడ మీరొక్కరేనండి."

సూర్యకాంతం ముడిని చూసింది. అవును, కొసలు కొరికి ఉన్నాయి. కొరికినట్టు తనకే గుర్తు లేదు. మగ్గం మానేసి తొమ్మిదేళ్ళైనా చేతులు వాటి పని అవి చేసేశాయి.

"మరి ఆయనతో చెప్పలేదేమే?"

"చెబితే మిమ్మల్ని పంపించేస్తారు కదండీ. నాకైతే ఎక్కడైనా పని దొరుకుతుంది. మీరెక్కడికెళ్తారండి?"

ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే ఎంత బాగుండునో! ఎదురు తిట్టి తేల్చుకునేది. ఆ పిల్ల నిజంగానే జాలిపడింది. జాలిపడి, తన చోటుకెళ్ళి ఐరన్ అందుకుంది.

సూర్యకాంతం మొదటి బోర్డును భూతద్దం కిందికి లాగింది. ఒక్కో అతుకునూ వంచి చూసింది, దీపం దగ్గరకు తెచ్చి చూసింది, గోటితో నొక్కి చూసింది. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి దొరికితే ఆ పిల్లను క్షమించేసేది.

దొరకలేదు. పాసు ముద్ర వేసి, రెండో బోర్డు అందుకుంది.