హన్నా చేతి సెగ

తార్నాకలో చర్చి వెనక సందులో ఆ రోజుల్లో అందరికంటే ముందు పేపరు చదివే మనిషి హన్నా. చదవక తప్పేది కాదు. సకల జనుల సమ్మె మొదలయ్యాక గ్యాసు బళ్ళు రావడం మానేశాయి. బొగ్గు గనులు ఆగిపోయి, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. అందుకని సందులో వాళ్ళు పొద్దున్నే పాలగిన్నెలు పట్టుకుని హన్నా వాళ్ళ వరండాలోకి వచ్చేవాళ్ళు. హన్నా ఒక చేత్తో పేపరు పట్టుకుని, రెండో చెయ్యి గిన్నెకి ఆనించి చదువుకుంటూ పోయేది. ఢిల్లీ నాయకుల మాటలు వచ్చేసరికి పాలు అంచు పట్టి బుడగలు వేసేవి. పేజీ తిప్పేసరికి పొంగేవి.

"ఆటల పేజీకి పోకు బిడ్డా, మళ్ళ సల్లవడ్తయ్," అనేది ఎదురింటి భారతమ్మ, తన గిన్నె ముందుకు జరుపుతూ.

కోపం వస్తే హన్నా పట్టుకున్నదేదైనా మరుగుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. వాళ్ళ నాయనమ్మకీ ఉండేదట ఆ సెగ. కొందరిది ఎడమచేతి వాటం, కొందరిది పిల్లి కళ్ళు, హన్నాది ఇది. సందులో ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

తండ్రి పౌలు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో తెనాలి పక్క పల్లెటూరి నించి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇల్లు కట్టుకుని, భార్యని ఇక్కడి మట్టిలోనే పెట్టుకున్నాడు. ఈ మధ్య మాత్రం ఆయన నోట ఒకటే మాట.

"ఇల్లు అమ్మేసి మన ఊరు పోదామే. రేపు రాష్ట్రం విడిపోతే మనల్నెవరు ఉండనిస్తారు?"

"ఇప్పటిదాకా మనల్ని ఎవరన్నా ఒక్క మాటన్నారా నాన్నా?"

"అనేదాకా ఉండటం ఎందుకని."

చివరికి తండ్రీకూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. హన్నాకి నిలకడైన ఉద్యోగం దొరికితే ఉండటం, లేకపోతే పౌలు మాటే చెల్లడం. హన్నా దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో పదార్థాలు పులియడం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి గెస్టు లెక్చరరుగానే ఉండిపోయింది. సమ్మెతో ఆ క్లాసులూ లేవు.

ఉద్యోగం ఇస్తానన్నవాడు రఘువీర్. చౌరస్తా దాటాక అతనికో పబ్బు ఉంది. సొంతంగా బీరు కాచి అమ్మాలని అతని కోరిక. పర్మిషన్ ఇవాళో రేపో వస్తుందని చెప్పి, "మా బీరు కాసే విభాగానికి మీరే హెడ్ అండీ హన్నా గారూ, ముందు రుచి చూపించండి," అన్నాడు. హన్నా వర్షాకాలమంతా పెరట్లో కూర్చుని ఆ పని చేసింది. జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, ఉడికించి, చల్లార్చి పులియబెట్టింది. ఎన్నిసార్లు చేసినా పులుపు కుదరలేదు. చివరికి రాజలింగు తన ఊళ్ళో అమ్మ సోమమ్మ అంబలి కుండలోంచి గ్లాసెడు పులిసిన నీళ్ళు తెచ్చి ఇస్తే, అవి కలిపాక కుదిరింది.

రాజలింగు హుస్నాబాద్ వైపు వాడు, క్యాంపస్‌లో చరిత్ర మీద పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉంటాడు. హన్నాని అక్కా అంటాడు. క్యాంపస్ గేటు దగ్గర ఊరేగింపు మీద పోలీసులు బాష్పవాయువు వదిలినప్పుడు ఒక గోళం అతని పక్కనే పేలింది. అప్పటినుంచీ ఎడమ చెవి వినపడదు. ఎవరన్నా మాట్లాడితే కుడి చెవి అటు తిప్పుతాడు, అంతే తప్ప ఆ సంగతి ఎత్తడు.

పౌలుకి మాత్రం ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "ప్రార్థన చేసుకునే ఇంట్లో సారా కాస్తావా?"

"కానా పెళ్ళిలో ప్రభువు నీళ్ళని ఏం చేశాడు నాన్నా?"

"అది ద్రాక్షరసం. ఇది జొన్నరసం," అని పౌలు లోపలికి పోయేవాడు.

చలికాలం మెనూ రుచి చూడ్డానికి రఘువీర్ ఒక ఆదివారం మధ్యాహ్నం తన మనుషుల్ని పిలిచాడు. హన్నా, రాజలింగు కలిసి బీరు నింపిన స్టీలు డ్రమ్ముని తోపుడు బండి మీద తోసుకుంటూ తీసుకెళ్ళారు. బయట దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పబ్బులో జనరేటరు మోత, చల్లటి గాలి, దీపాలు. పెట్టుబడి పెట్టే శ్రీనివాసరావు మధ్య కుర్చీలో కూర్చున్నాడు.

ముందు తిండి వచ్చింది. పచ్చిపులుసులో ముంచి వేయించిన కోడి రెక్కలు, సర్వపిండి ముక్కలు, గోంగూర మటన్ కబాబులు. అన్నీ బాగున్నాయి, అబద్ధం ఎందుకు. తర్వాత డ్రమ్ము కుళాయి తిప్పి గ్లాసుల్లో బీరు పోశారు. లేత తేనెరంగు, సన్నటి నురగ. మొదట పులుపు తగిలి, ఆ వెనక కాలిన రొట్టె అంచు రుచి వచ్చి, మింగాక వాన పడ్డ జొన్నచేను వాసన గొంతులో నిలిచింది. శ్రీనివాసరావు గ్లాసు దించి, మళ్ళీ ఎత్తి, "రఘూ, ఇది వదలకూడదు," అన్నాడు. హన్నా రాజలింగు వంక చూసింది. అతను కళ్ళతోనే నవ్వాడు. ఇక ఇల్లు అమ్మక్కర్లేదు అనుకుంది హన్నా.

అప్పుడు మెనూ కార్డులు పంచారు.

కోడి రెక్కల పేరు లాఠీచార్జ్ వింగ్స్. సర్వపిండికి రాస్తారోకో క్రిస్ప్స్. గోంగూర కబాబు కర్ఫ్యూ కబాబ్ అట, దాన్ని చిన్న లాఠీలాంటి పుల్లకి గుచ్చి ఇస్తారట. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాల్లో, హన్నా బీరు పేరు: టియర్ గ్యాస్. ఒక్క గుక్కకే కన్నీళ్ళు, అని దాని కింద ఒక వాక్యం.

రాజలింగు కార్డు చదివి, మడిచి, గ్లాసు కింద పెట్టాడు.

"ఇదేంటి రఘువీర్ గారూ?" అంది హన్నా.

"బాగుంది కదండీ? ఊరంతా ఇదే మాటాయె. కాలానికి తగ్గట్టుండాలి. సీజనల్ మెనూ అంటే అదేగా."

"రాజలింగు చెవి పోయింది ఆ టియర్ గ్యాస్ వల్లే. మీకు తెలుసు."

రఘువీర్ ముఖం నిజంగానే జాలిగా పెట్టాడు. "అయ్యో, సారీ బ్రదర్. నువ్వే చీఫ్ గెస్టుగా రా ఓపెనింగ్‌కి. స్టూడెంట్ లీడర్ రిబ్బన్ కట్ చేస్తే దానికి ఉండే విలువే వేరు."

"నేను లీడర్‌ని కాదు సార్," అన్నాడు రాజలింగు.

"పేరు మార్చండి," అంది హన్నా. "అన్నిటికీ మార్చండి. దీని పులుపు ఇతని అమ్మ అంబలి కుండది. ఆమె కొడుకు చెవి పగలగొట్టినదాని పేరు ఆమె కుండకే పెడతారా?"

రఘువీర్ కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "హన్నా గారూ, మీరు మనవాళ్ళు. గుంటూరు జిల్లా. మీకెందుకండీ ఇంత పట్టింపు? వాళ్ళ గొడవ వాళ్ళది."

హన్నా చేతిలో గ్లాసు బుసబుసా మరిగింది. నురగ పొంగి బల్ల మీదకి కారింది.

"ఆవిడ గ్లాసు కింద ఏదన్నా పెట్టండయ్యా, పాలిష్ పోతుంది," అన్నాడు శ్రీనివాసరావు.

రఘువీర్ మాత్రం ఆ గ్లాసుని చూస్తూ ఆలోచనలో పడ్డాడు. "ఇది కూడా పెట్టొచ్చు మనం. కస్టమర్ టేబుల్ దగ్గరికి మీరొచ్చి, వాళ్ళ కళ్ళముందే ఇలా..."

అతని మాట పూర్తి కాకుండానే హన్నా లేచింది. డ్రమ్ము దగ్గరికెళ్ళి మూత వదులు చేసి, రెండు అరచేతులూ దానికి ఆనించింది. గేటు దగ్గర ఊపిరాడక నేల మీద దొర్లిన పిల్లలు గుర్తొచ్చారు. కుడి చెవి తిప్పి వినే రాజలింగు, మనవాళ్ళు అన్న మాట, అది అంటున్నప్పుడు దగ్గరికి జరిగిన కుర్చీ, అన్నీ చేతుల్లోకి దిగాయి. డ్రమ్ము ముందు మూలిగింది, తర్వాత కుతకుతలాడింది. మత్తంతా ఆవిరై మూత సందులోంచి పోయింది. గదంతా జొన్నరొట్టె కాల్చిన వాసన. ఆ ఆవిరికే ఇద్దరు అతిథులకి తల తిరిగి గోడ పట్టుకున్నారు.

"మీక్కావలసిన బీరు ఇందులో లేదు రఘువీర్ గారూ," అంది హన్నా. "మిగిలింది సోమమ్మ గారి అంబలి. మేం తీసుకెళ్తున్నాం."

"ఉద్యోగం వద్దా మీకు?" అన్నాడు రఘువీర్. అతనికి నిజంగా అర్థం కాలేదు.

వాళ్ళు బండి తోసుకుంటూ రోడ్డెక్కారు. చౌరస్తా దగ్గర రాజలింగు అన్నాడు, "హాస్టల్ల పొద్దుగాల నుంచి పొయ్యి ముట్టలేదక్కా. సిలిండర్లు రాక మెస్సు బంద్ అయింది. గాడికి తోల్దామా?"

హాస్టల్ ముందు పిల్లలు స్నానాల మగ్గులు, స్టీలు గ్లాసులు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. ఉప్పు కలిపి తాగారు. చివరి వరసకి వచ్చేసరికి డ్రమ్ము చల్లబడింది. వీరస్వామి అనే నల్గొండ కుర్రాడు మగ్గు ముందుకు చాపి, "అక్కా, జర కోపం తెచ్చుకోరాదే, సల్లగయింది," అన్నాడు. రాజలింగు పబ్బు మెనూ కార్డులోని పేర్లు ఒక్కొక్కటే అందరికీ చెప్పాడు. హన్నా చేతుల కింద డ్రమ్ము మళ్ళీ పొగలు కక్కింది.

మర్నాటి నించి హన్నా మెస్సులోనే ఉంది. బియ్యం, పప్పు ఉన్నాయి, లేనిది నిప్పే. పెద్ద డేగిశా పక్కన స్టూలు వేసుకుని ఆమె చేతులు ఆనించేది. పిల్లలు వంతులవారీగా వచ్చి తమకి జరిగినవి చెప్పేవాళ్ళు. వీరస్వామి తన ఊరి బావి నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన తండ్రి గురించి చెప్పాడు. అన్నం ఒక్క పొంగుతో ఉడికింది. ఇంకొకడు ఇంటర్వ్యూలో తన యాస విని నవ్విన పెద్దమనుషుల గురించి చెప్పాడు. కూర ఉడికింది.

"ఈమె ఆంధ్రోళ్ళ పిల్లనట గదా?" అని వరసలో ఒకడు అన్నాడు.

"అన్నం ఉడికిందా లేదా సూసుకో," అన్నాడు రాజలింగు.

అయితే ఒకసారి చెప్పిన సంగతి మళ్ళీ చెబితే అంత సెగ పుట్టేది కాదు. కొన్నాళ్ళకి చెప్పేవాళ్ళు తగ్గారు. ఒక మధ్యాహ్నం పప్పు గోరువెచ్చగా అయి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పౌలు వచ్చాడు. బస్సుల్లేక తార్నాక నించి నడిచొచ్చాడు, చొక్కా తడిసిపోయింది.

"ఉద్యోగం పోయిందిగా. మాట మాటే," అన్నాడు కూతురితో. "మూడింటికి ఇల్లు చూడ్డానికి మనిషొస్తున్నాడు. పద."

"పప్పు ఉడకాలి నాన్నా."

పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని పౌలు అప్పుడు చూశాడు. రాజలింగు కుర్చీ తెచ్చి వేశాడు. "కూసోండి సారూ. మీరే ఏమన్న చెప్పుండ్రి, పప్పు మరుగుతది."

"నాకేముంది బాబూ చెప్పడానికి. నా బతుకు బాగానే వెళ్ళిపోయింది."

"మన ఊరు మన ఊరంటావుగా," అంది హన్నా. "అక్కడి సంగతి ఒక్కటీ నాకెప్పుడూ చెప్పలేదు. అది చెప్పు."

పౌలు కుర్చీలో కూర్చున్నాడు. నేల చూస్తూ, ఎవరితోనూ కానట్టు మొదలుపెట్టాడు.

"మా ఊళ్ళో టీ కొట్టుండేది. మా పేట వాళ్ళ గ్లాసులు చూరుకి వేలాడేవి. మనమే తీసుకోవాలి, వాడు పైనుంచి పోస్తాడు. తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే తగిలించాలి. నేను మెట్రిక్ ఫస్టుక్లాసులో ప్యాసయ్యాను. మా పేట మొత్తానికి నేనే మొదలు. మా నాన్న నాకు కొత్త చొక్కా తొడిగి టీ తాగిద్దామని తీసుకెళ్ళాడు. ఆ ఒక్క రోజన్నా లోపల బల్ల మీద కూర్చోనిస్తారేమో అనుకున్నాడు పిచ్చి మనిషి. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, 'పౌలు గారు పెద్ద చదువు చదివారంట, చూరుకి ఆయన పేరు మీద కొత్త గ్లాసు కట్టండ్రా,' అన్నాడు. బల్లల మీద వాళ్ళంతా నవ్వారు." పౌలు ఆగాడు. "మా నాన్న కూడా నవ్వాడు బాబూ. వాళ్ళతో పాటు. నవ్వి, ఆ కొత్త గ్లాసు అందుకుని నా చేతికిచ్చాడు. ఆ వారంలోనే నేను రైలెక్కాను."

డేగిశా మూత ఎగిరి దూరంగా పడింది. పప్పు సుడులు తిరుగుతూ ఉడికింది. హన్నా చేతులు తియ్యలేదు. తండ్రి ముఖంలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది.

"మా ఊర్ల గూడ ఉండె నాయినా గా గ్లాసులు," అన్నాడు రాజలింగు. "కొన్ని దిక్కుల ఇంకా ఉన్నయ్."

పౌలు తలూపాడు. వీరస్వామి పప్పు, అన్నం వడ్డించిన పళ్ళెం తెచ్చి ఆయన చేతికిచ్చాడు. పౌలు పిల్లల మధ్య బల్ల మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని, తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు. మూడు దాటింది, నాలుగు దాటింది. తార్నాకలో ఇల్లు కొనే మనిషి గేటు తట్టి తట్టి, భారతమ్మని అడిగితే ఆమె ఏదో అంటే, వెళ్ళిపోయాడట.

సాయంత్రం ఇంటికి నడుస్తూ పౌలు ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుంటూ, "రైల్వేలో చేరిన కొత్తలో ఒక ఆఫీసరుండేవాడే," అన్నాడు కూతురితో. "ఇప్పుడు చెప్పను. అన్నానికి ఎసరు పెట్టే వేళకి చెప్తాను, పద."