కోరంగి రేవు, పరీ చౌక్ బస్సు

ముందుగా ఒక మాట. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక పలక పట్టిన చెయ్యి నాది. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచక ఆగిపోతుంది. ఆగి ఆగి రాశాను. మీరూ నెమ్మదిగానే చదవండి.

పొగమంచు.

పద్నాలుగో అంతస్తు కిటికీ కింద అంతా పొగమంచే. రోడ్డు లేదు. పార్కు లేదు. గేటు లేదు. సగం కట్టి వదిలేసిన భవనాలు మాత్రం తెరచాపలు ఊడిన ఓడల్లా నిలబడి ఉన్నాయి.

ఛాయాదేవి అద్దానికి అరచెయ్యి ఆనించింది. చల్లగా... తడిగా.

పొద్దున్నే సముద్రం ఇలాగే ఉంటుంది — వాళ్ల ఊళ్లో.

వాళ్ల ఊరు మారిషస్‌లో ఉంది. ముత్తాత తండ్రిని ఎప్పుడో ఓడలో తీసుకుపోయి చెరుకు తోటల్లో దింపారు. ఆయన ఓడ ఎక్కింది కోరంగి రేవులో, గోదావరి సముద్రంలో కలిసే చోట. ఊరి పేరు మరిచిపోయారు. ఇంటిపేరు మరిచిపోయారు. రేవు పేరు ఒక్కటే మిగిలింది. పిల్లలకు ఆ పేరు చెప్పి అన్నం తినిపించారు.

ఛాయ చదువుకి బయల్దేరిన రోజు గుడిలో అందరూ అన్నారు — మన దేశం వెళ్తున్నావు, అదృష్టవంతురాలివి అని.

మన దేశంలో దిగాక విదేశీయుల వరసలో నిలబెట్టారు.

నిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గ్రేటర్ నోయిడాలో ఎం.ఏ. చరిత్ర. రాస్తున్న వ్యాసం కోరంగి ఓడల మీదే. చలికాలం సెలవులు వచ్చాయి. గైడు రఘునందన్ గారు కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి, నవ్వారు.

"నీళ్లలో దిగకుండా ఈత మీద పుస్తకం రాస్తున్నావమ్మా. వెళ్లి ఆ రేవు చూడు. సెలవులయ్యేసరికి అధ్యాయం నా బల్ల మీద ఉండాలి."

లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఆ మాట ఆయన అనలేదు. అనక్కర్లేదు.

అదే వారంలో అమ్మ ఫోన్ చేసింది. నానమ్మ అన్నం మానేసిందట. సెలవులకి వచ్చెయ్యి, మళ్లీ సెలవుల దాకా అంటే... అని ఆగిపోయింది.

సెలవులు ఒక్కటే. కోరంగికి రైలెక్కితే నానమ్మ దక్కదేమో. విమానం ఎక్కితే రేవు దక్కదు, చదువూ దక్కదు.

ఛాయ రెండు టికెట్లూ తీసుకుంది. సామర్లకోట రైలు ఒకటి. మారిషస్ విమానం ఒకటి. రెండూ ఒకే రోజుకి.

ఎందుకలా చేసిందో తనకే తెలియదు.

గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా అడిగాడు — ఛుట్టీ వచ్చింది కదా దీదీ, సెలవులకి ఇంటికేనా? ఛాయ "అచ్ఛా" అంది. అదేం జవాబు దీదీ అని నవ్వాడు.

ఇంటికే. ఏ ఇంటికి?

ఆమె అద్దెకుండే గది కోటమ్మ గారి ఇంట్లో ఉంది. కోటమ్మ మిలిటరీ ఫౌజీ పెళ్లాం. కంటోన్మెంట్లన్నీ తిరిగి, మొగుడు పోయాక కూతురి పంచన చేరింది. పుట్టింది తాళ్లరేవు, కోరంగికి కూతవేటు దూరం. కోటమ్మ అంటే నేనే. నన్ను పక్కన పెట్టండి. కథ ఛాయది.

ఒక మధ్యాహ్నం ఛాయ తన ఫోను కోటమ్మ చేతిలో పెట్టింది. ఫోనులో ఒక దిండు. దిండు మీద నానమ్మ చిన్న ముఖం. ముక్కుపుడక ఒక్కటే మెరుస్తోంది.

"తల్లీ, నీది ఆ సుట్టుపక్కలేనంట గదా. రేవు ఎలాగుంది?"

 ఏ జవాబు రావాలని కోరుకోవాలో ఛాయకే తెలియదు. ఉందంటే వెళ్లాలి. లేదంటే... లేదంటే ఇన్నాళ్లూ దేని పేరు చెప్పి అన్నం తిన్నట్టు?

కోటమ్మకి అబద్ధం నోటి దాకా వచ్చింది. బయటికి రాలేదు.

"రేవు లేదండి అమ్మా. ఏనాడో పూడిపోయింది. సముద్రం ఎనక్కెళ్లిపోయింది. ఇప్పుడక్కడ మడచెట్లూ, బురదా. పీతలు తిరుగుతుంటాయి."

 

అటు నుంచి నవ్వు వినిపించింది. పళ్లు లేని నవ్వు.

"పోన్లే. ఇంకెవుర్నీ ఎక్కించుకుపోలేరు."

కోటమ్మ నవ్వలేకపోయింది. ఛాయ ముఖం తిప్పుకుంది. ఎక్కడో ఒక పీత బురదలో అడ్డంగా నడుస్తున్నట్టు... ఏదో కదిలింది లోపల. ముందుకీ కాదు. వెనక్కీ కాదు.

"పిల్లా," అంది నానమ్మ. "బురదైనా సరే, సూసి రా. బేగి రా."

చూసి రా.

బేగి రా.

రెండూ ఎలా నానమ్మా? అడిగేలోపే నానమ్మ కళ్లు నిద్రకి మూతపడ్డాయి.

బయల్దేరే పొద్దు. మళ్లీ పొగమంచు. కోటమ్మ పులిహోర పొట్లం కట్టింది. రైలుకైనా సరిపోయేట్టు, విమానానికైనా సరిపోయేట్టు.

"ఎటెళ్తున్నావే తల్లీ?"

"రైలుకైనా విమానానికైనా పరీ చౌక్ కూడలి దాకా బస్సు ఒకటే కదా ఆంటీ."

అంతే అంది. లిఫ్టు మూసుకుంది.

కింద గేటు లేదు. రోడ్డు లేదు. ఛాయ సంచీ పాదాల మధ్య పెట్టుకుని నిలబడింది. ఫోను రెండుసార్లు మోగింది. రైలు ఆలస్యం. విమానం ఆలస్యం. రెండూ తన కోసమే ఆగినట్టున్నాయి. లేదా, రెండూ తనని వదిలించుకున్నట్టున్నాయి.

దూరంగా హారన్. బస్సుదే అయి ఉండాలి. ఓడ కూతలా ఉంది — ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు.

ఛాయ చెయ్యెత్తింది.

పైన, పద్నాలుగో అంతస్తులో, కోటమ్మ అద్దానికి అరచెయ్యి ఆనించింది.

చల్లగా... తడిగా.

కింద అంతా పొగమంచే.

— కోటమ్మ. అరవై ఏడేళ్లు. పుట్టింది తాళ్లరేవు. ఇప్పుడు ఉండేది గ్రేటర్ నోయిడా.