గుర్వయ్య ఎడమ కన్ను

పొద్దున తొమ్మిదింటికి వహీద్ కంప్యూటర్ వేసి ఫొటో ఫైలు తెరిచేసరికి తెర మీద గుర్వయ్య ముఖం బొగ్గులా నల్లగా, జుట్టు సున్నంలా తెల్లగా, నల్లగుడ్లు ఉండాల్సిన చోట తెల్లటి చుక్కలతో అతణ్ణే చూస్తోంది.

వహీద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

దేవరకొండలో అతని స్టూడియోకు కంప్యూటర్ వచ్చి నెల కాలేదు. గుర్వయ్య పోయి రేపటికి ఏడాది. ఆయనకున్నది ఒకే ఒక్క ఫొటో, ముప్పయ్యేళ్ల నాటిది. చెమ్మకు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి, ఎడమ కన్ను మీద బూజు మరక పట్టిన ఆ ఫొటోను భార్య అమృతమ్మ కొంగులో చుట్టి తెచ్చింది. వహీద్ అద్దంతోనే స్కాన్ చేశాడు. తర్వాత ఊడదీయబోతే అది పేలికలైంది. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. ఫైలు పెద్దది, ఫ్లాపీలో పట్టలేదు. ఇంకో కాపీ తీసిపెట్టుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. గుర్వయ్య ముఖం ఇప్పుడు లోకంలో ఉన్నది ఈ డబ్బాలోనే.

అమృతమ్మ పన్నెండు గంటల బస్సుకు వస్తుంది.

కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కాడు. చివర చేసిన పని వెనక్కి పోవాలి. ఏమీ కదల్లేదు. ఎవరో సేవ్ చేసి, మూసేసి మరీ వెళ్లారు. నిన్నంతా తను ప్రింటర్ సిరా కోసం హైదరాబాద్‌లో ఉన్నాడు.

తెర పాడైందేమో! మానిటర్ కింద వెలుగు మార్చే చక్రాన్ని తడిమాడు. చివరికంటా తగ్గించి ఉంది. పెంచాడు. గుర్వయ్య నలుపు నలుపే. పక్క ఫైలు తెరిస్తే పెళ్లికూతురు నిక్షేపంగా నవ్వుతోంది. అంటే జబ్బు తెరది కాదు, ఫొటోది.

"ఏమైంది? దయ్యాన్ని చూసినట్టున్నవ్," అంటూ లోపల్నుంచి భార్య ఖాతూన్ వచ్చింది.

"నిన్న ఈడికి ఎవరొచ్చిన్రు?"

"ఎవరొస్తరు? మామ దుకాణంల కూసున్నడు."

"అబ్బాకు ఈ డబ్బా అంటేనే పడదు. ముట్టుకుంటే కరెంటు కొడతదంటడు," అన్నాడు వహీద్ తండ్రిని తలుచుకుని.

"అయితె నీకే ఎరుక," అని ఖాతూన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

వహీద్ తన నోటుబుక్కు తీశాడు. కంప్యూటర్ కోర్సులో నేర్చుకున్న మీటలన్నీ అందులో తెలుగులో రాసుకున్నాడు. వేలు ఒక్కో వరస దిగుతూ ఒకచోట ఆగింది. 'కంట్రోల్, ఐ. ఉల్టా.' నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది.

నొక్కాడు.

గుర్వయ్య తిరిగొచ్చాడు! వహీద్ ఊపిరి పీల్చుకోబోయి సగంలో ఆగిపోయాడు. మూడు రోజులు కుస్తీ పట్టినా లొంగని మరక మాయమైంది. ఆ చోట కన్నుంది. తను కుడి కన్నునే తిప్పి అతికిస్తే గుర్వయ్య ఉలిక్కిపడ్డట్టు కనిపించేవాడు. ఈ కన్ను అలా లేదు. రెప్ప వాలి, కుడిదానికంటే సన్నగా, కొంచెం కొంటెగా ఉంది. పరాయి మనిషి కన్నయితే? రేపు పూలదండ వేయాల్సిన ఫొటోలో, అంతమంది చుట్టాల ముందు?

పన్నెండు దాటింది. అమృతమ్మ వచ్చి తెర ముందు నిలబడింది. ముందుకు వంగి ఎడమ కన్నునే చూసింది.

"అగో, గా రెప్ప!" అంది చివరికి. "చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తాకింది. నువ్వు ఆయనను ఒక్కనాడు సూడకపోతివి, నీకెట్ల ఎరుకయింది తమ్మీ?"

"నేను చెయ్యలే అక్కా. ఇంకోటి... నీ ఫొటో చినిగింది. నా చేతులనే."

"మనిషే పోయిండు, కాయితానిదేముంది. ఈయన ఉన్నడు గద," అని ఆమె తెర మీది చెంపను వేలితో తాకింది.

వహీద్ గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ కుర్చీలో అతని తండ్రి గులాం నబీ కళ్లద్దాలు తుడుస్తున్నాడు. తుడవడం మొదలుపెట్టి పావుగంటయింది.

"అబ్బా, ఈ డబ్బా ముట్టిందెవరు?"

"నబీ అన్నా, నువ్వేనా?" అమృతమ్మ నవ్వింది. "నీ మొఖమే చెప్తాంది."

ముసలాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"నేనే ముట్టిన. గా ఫొటో తీసింది గూడ నేనే, మీ లగ్గమైన ఏడు. నెగెటివ్ మీద పెన్సిల్‌తోని ముఖాలు దిద్దుడే గద నలభై ఏండ్ల నా పని. గా రెప్పను జర లేపుతనంటే, 'వద్దు నబీ, మా ఇంటిది గిట్లనే ఒప్పుకున్నది' అన్నడు గుర్వయ్య. గా నెగెటివ్‌లు వానకు నాని ఏనాడో పాయె. మూడు దినాల సంది నువ్వు తిప్పలు పడుతుంటె చూస్తున్న బేటా. చెప్దామంటె సీదా బొమ్మల నాకు కన్ను యాదికొస్తలేదు. నా చేతికి ఎరుకైన గుర్వయ్య నెగెటివ్‌ల నల్లముఖపోడు. నీ బుక్కుల ఉల్టా అని చూసి నొక్కిన. గంతె, వచ్చి ఎదురుంగ కూసున్నడు! వెలుగు కండ్లల్ల కొడుతుంటె తగ్గించిన. మౌస్ పట్టుడు ఖాతూన్ చూపిచ్చింది, దాన్నేమనకు. దిద్దిన, సేవ్ చేసిన. మళ్ల సీదా ఎందుకు చెయ్యలేదంటవా? నెగెటివ్ దిద్దేటోడు సీదా చేస్తడా బేటా? అది కాయితం పని. అచ్చు కొడితె అదే సీదా అయితదనుకున్న."