బొలోన్యా ఇంట్లో ఎందరు

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు బొలోన్యా నుంచి ఫోన్ వచ్చింది. తన ఇంటి పై గది అద్దెకివ్వడం కుదరదని ఇంటావిడ రోసెల్లా చెప్పింది.

సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో ఆ మాట విన్నది కెరోలిన్. ఇటలీలో, బొలోన్యాలోని ఓ ఆసుపత్రిలో ఆమెకు నర్సు ఉద్యోగం వచ్చింది. అందుకోసం ఏడాదిగా ఇటాలియన్ నేర్చుకుంటోంది. శుక్రవారం హైదరాబాద్ వీసా ఆఫీసులో అద్దె అగ్రిమెంటు చూపాలి. లేకపోతే ఉద్యోగం వెనక వరసలో ఉన్నవాళ్లకు పోతుంది.

"ఐదుగురికి ఆ గది సాలదంటున్నది. ఐదుగురమని ఎవలు చెప్పిండ్రు?" అంది ఫోన్ పెట్టేసి.

ఆమె తండ్రి సామ్యేల్ బొగ్గుగని కంపెనీ ఆఫీసులో గుమస్తా. భోజనానికి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు.

"నేనే చెప్పిన. నిన్న నువ్వు గోదావరిఖని పోయినంక ఆమె కొడుకు నా నంబరుకు చేసిండు. ఫ్యామిలీల ఎందరని ఇంగ్లీషుల అడిగిండు. నేను, మీ అవ్వ, బాపమ్మ, నువ్వు, తమ్ముడు టిమోతి. ఐదుగురం గద?"

అతని భార్య యేసమ్మ వంటింట్లోంచి వచ్చింది. "పుట్టిన తారీఖులు గూడ చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిగ చెప్పినవ్. ఇగ అందరం ఒక్క మంచం మీద పండుకుందాం పా."

వాళ్లు అడిగింది ఆ గదిలో ఉండబోయేవాళ్ల గురించని సామ్యేల్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కంపెనీలో ఫ్యామిలీ ఎవరని అడిగితే ఒక్క పేరూ వదలరు. వదిలితే ఆ మనిషికి ఆసుపత్రి కార్డు ఉండదు. పక్క క్వార్టర్ సదయ్య తల్లి పేరు రాయించడం మరచిపోయాడు. ఆమె కాలు విరిగాక ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి ఆ పేరు ఎక్కించింది సామ్యేలే. పేరు కొట్టేయడానికి అతనికి తెలిసిన కారణాలు రెండే: చావు, ఆడపిల్ల పెళ్లి.

మంచం మీది నుంచి అతని తల్లి సారక్క అడిగింది. "నన్ను గూడ రాయించినవా కొడుకా? గీ మోకాళ్లతోని ఏ దేశం పోత?"

"నిన్నెట్ల ఇడిచిపెడతనే అవ్వా?"

"బాపూ, మిమ్ములను ఇడిచిపెడితేనే నేను పోయేది," అంది కెరోలిన్. కళ్లు తుడుచుకుంది.

సామ్యేల్ వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. "ఫోన్ చెయ్యి బిడ్డా. పాడుచేసింది నేను, నేనే మాట్లాడుత."

వీడియో కాల్‌లో రోసెల్లా ఒక్కతే ఉంది. సామ్యేల్ తెలుగులో చెబితే కెరోలిన్ ఇటాలియన్‌లోకి మార్చింది.

"నా బిడ్డ ఒక్కతే వస్తదమ్మా. మా నలుగురి పేర్లు కొట్టెయ్యుండ్రి."

నిన్న పుట్టిన తేదీలతో సహా చెప్పి ఇవాళ రామంటే ఎలా నమ్మాలని రోసెల్లా అడిగింది. కింది వాటాలో తన తల్లి ఉంటుందని, పైన చప్పుడైతే ఆమెకు నిద్ర పట్టదని చెప్పింది.

వీళ్లంతా ఇక్కడే ఉంటారంటూ కెరోలిన్ ఫోన్ పట్టుకుని లేచింది. తమ్ముడి పుస్తకాల బల్ల చూపింది, తల్లి కుట్టుమిషన్ చూపింది. సారక్క మంచం దగ్గరికి రాగానే ఆమె ఫోన్ లాక్కుంది.

"మీ అవ్వ పొద్దుగాల ఏమన్న తిన్నదా బిడ్డా?"

పాలలో ముంచిన రొట్టె తిందని రోసెల్లా చెప్పింది.

"నేను గూడ గదే తింట. మా పిల్ల సూదేస్తే నొప్పే ఉండది. మీ అవ్వకు పాణం బాగలేకుంటె పిలువు, పైన్నే ఉంటది గద."

రోసెల్లా నవ్వింది. మీరు రారా అని అడిగింది.

"మీ ఇంటికి మెట్లున్నయా?"

ఉన్నాయంది.

"అయితే రాను."

రోసెల్లా ఒప్పుకుంది. అగ్రిమెంటు కెరోలిన్ ఒక్కదాని పేర రాస్తానంది. ఫోన్ పెట్టేసేలోగా సామ్యేల్ ముందుకు వంగాడు. "చుట్టపుచూపుగ రావచ్చునా అని అడుగు."

"మల్ల మొదలుపెట్టిండు," అంది యేసమ్మ.

ఏడాదికి ఒక నెల రావచ్చని రోసెల్లా చెప్పింది.

గురువారం సాయంత్రం అగ్రిమెంటు వచ్చింది. అద్దెదారు పేరు ఒక్కటే ఉంది. అతిథులు ఏడాదికి ముప్పై రోజులకు మించి ఉండరాదని కింద ఉంది. ఆ వాక్యాన్ని కెరోలిన్ తండ్రికి రెండుసార్లు తెలుగులో చెప్పింది. శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు వీసా ఆఫీసువాళ్లు ఆ అగ్రిమెంటు చూసి తీసుకున్నారు.